పగులుకి కనీస ధర

తుమ్మలేరు వంతెన మూడో స్తంభానికి పగులు లేదని మా శాఖ లక్షా ఎనభై అయిదు వేల రూపాయల లెన్సుతో తేల్చింది. అదే రోజు మధ్యాహ్నం ఏసుపాదం ఆ పగుల్లో మణికట్టు దాకా చెయ్యి పెట్టి ఫొటో దిగాడు. బటన్ నొక్కింది అతని భార్య సలోమి. ఆ ఫొటో తీసిన లెన్సు ఖరీదు ఆరున్నర వేలు. అందుకని దాన్ని నేను ఫైల్లో పెట్టలేదు.

నేను వంతెనల నాణ్యతా విభాగం, మల్లెపూడి డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. రూల్సు చదివి నడుచుకునేవాణ్ని. ఏసుపాదం మా దగ్గర కాంట్రాక్టు ఫొటోగ్రాఫరు. ఒకప్పుడు సొంత స్టూడియో ఉండేది. ఫోన్లొచ్చి అది మూతపడ్డాక మా పగుళ్ల దగ్గరికొచ్చి చేరాడు.

అసలు సంగతి చెప్పాలంటే సర్క్యులర్ దగ్గర మొదలుపెట్టాలి.

అంతకుముందు ఎవడు పడితే వాడు ఫోన్‌తో వంతెనల్ని ఫొటో తీసి పంపేవాడు. ఒక్క ఏడాదిలో మూడొందల పన్నెండు పగుళ్లు వచ్చాయి. మా డివిజన్లో ఉన్నవి నలభై ఒక్క వంతెనలు. ఇంత చిన్న డివిజన్‌కి అన్ని పగుళ్లు ఎక్కువే. ఆ సమయంలో మా చీఫ్ ఇంజినీరు గారు ఒక కొండ మీది హోటల్లో మూడు రోజుల శిక్షణకి వెళ్లారు. అక్కడ కెమెరా నిపుణుడొకాయన "ధరని బట్టే సరుకు" అన్నాడట. చీఫ్ గారు సోమవారం దిగారు. మంగళవారం సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా సమస్త కార్యనిర్వాహక ఇంజినీర్లకు తెలియజేయడమేమనగా, కటకము యొక్క నిర్మాణ దార్ఢ్యము మరియు దృశ్య నాణ్యత దాని కొనుగోలు ధరకు అనులోమానుపాతంలో ఉండునని నిపుణులచే నిర్ధారింపబడినందున, ఇకమీదట ఛాయాచిత్రములను కటకపు ధర ననుసరించి ఈ క్రింది విధముగా వర్గీకరించవలెను."

లక్ష లోపు లెన్సుతో తీసింది సమాచారం. లక్ష నుంచి మూడు లక్షల దాకా సాక్ష్యం. మూడు లక్షలు దాటితే సత్యం. సమాచారం మీద చర్య తీసుకోనక్కర్లేదు. సాక్ష్యం మీద తీసుకోవచ్చు. సత్యం మీద మాత్రం తీసుకుని తీరాలి.

ఫలితం వెంటనే కనపడింది. వారం తిరిగేసరికి మూడొందల పన్నెండు పగుళ్లూ సమాచారమైపోయాయి. ఒక్క బస్తా సిమెంటు ఖర్చు పెట్టకుండా నలభై ఒక్క వంతెనల్ని బాగుచేసిన డివిజన్ మాదొక్కటే.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈ, త్రివిక్రమరావు గారు కెమెరా షాపుకి ఫోన్ చేసి, "లక్ష దాటినవాటిలో ఏది ఉంటే అది పంపవయ్యా" అన్నారు. షాపు చలమయ్య దగ్గర ఒక పెళ్లిళ్ల లెన్సు ఉంది. ఎవరో ఆర్డరిచ్చి, ముహూర్తం తప్పిపోయి వదిలేశారు. అది మాకొచ్చింది. అరచేతిలో పెట్టుకుంటే తిరగలి రాయిలా ఉంది. అంతా లోహం.

ఏసుపాదం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి లెన్సే సార్. కాని ఇది పెళ్లికూతుళ్ల కోసం చేసింది. ముక్కుపుడక మీద ఫోకస్ పెడితే చెవి జూకాలు కూడా కరిగిపోతాయి. వెనకున్న షామియానా సంగతి చెప్పక్కర్లేదు."

"అయితే ఏంటి?" అన్నారు ఈఈ గారు.

"మన దగ్గర వెనకుండేది వంతెన సార్."

ఇక్కడ మా శాఖ ఆచారం ఒకటి చెప్పాలి. తనిఖీ ఫొటోలో తనిఖీ చేసిన అధికారి ఉండాలి. లేకపోతే ఆయన వెళ్లినట్టు కాదు. అందుకని ఈఈ గారు స్తంభం ముందు నిలబడతారు. తెల్లచొక్కా, నల్ల కళ్లజోడు, చేతిలో ఫైలు. ఏసుపాదం ఆయన ముఖం మీద ఫోకస్ పెడతాడు. మూడో స్తంభం దగ్గర తీసిన ఫొటోలో ఈఈ గారి మీసం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టచ్చు. వెనక స్తంభం పల్చటి మజ్జిగలా కరిగిపోయింది. మజ్జిగలో పగుళ్లుండవు.

"అద్భుతం. ఎక్కడా ఒక గీత లేదు" అన్నారు ఈఈ గారు.

"సార్, లోపలి రంధ్రం కొంచెం మూసి తీస్తే మీరూ కనపడతారు, స్తంభమూ కనపడుద్ది. ఏ లెన్సయినా అంతే. ఒక్కసారి మూసి చూద్దాం."

"లక్షా ఎనభై అయిదు వేలు పెట్టింది తెరవడానికా, మూయడానికా?"

ఏసుపాదం రంధ్రాన్ని అలాగే తెరిచి ఉంచాడు. నేను ఫైల్లో 'పగులు లేదు' అని రాశాను.

వారం తర్వాత సలోమి మా ఆఫీసుకొచ్చింది. ఆమె స్కూలు ఆటో నడుపుతుంది. రేగులపాలెం నుంచి పదకొండు మంది పిల్లల్ని ఎక్కించుకుని, తుమ్మలేరు వంతెన దాటి, అవతల కాన్వెంటులో దింపుతుంది. తిరిగి సాయంత్రం తెస్తుంది. పగుల్లో మొగుడి చెయ్యి చూసినప్పటినుంచి ఆమె వంతెన ఎక్కడం మానేసింది. కొత్తరేవు మీదుగా పద్నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళుతోంది.

"సార్, నా పదకొండు మందిలో ఏడుగురు కోటయ్య ఆటోకి మారిపోయారు" అంది నా బల్ల ముందు నిలబడి. "కోటయ్య వంతెన మీంచే పోతాడు. పిల్లల అమ్మలు ఏమంటున్నారో తెలుసా? గవర్నమెంటే పగులు లేదంది, నీకెందుకే చుట్టుతిరుగుడు, పెట్రోలు ఎక్కువ లాగడానికి నాటకాలా అంటున్నారు."

"వాళ్లన్నదాంట్లో తప్పు లేదమ్మా. పగులు లేదని సాక్ష్యం ఉంది. ఉందని నీ దగ్గరున్నది సమాచారం."

"మా ఆయన చెయ్యి పట్టింది సార్ దాంట్లో!"

"చేతికి ధర నిర్ణయించలేదమ్మా ఇంకా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ఏడుగురిలో ఒకటో తరగతి పిల్లలు ముగ్గురున్నారు సార్. నా ఆటోలో లేకపోతే పోనీ. ఆ వంతెన మీద ఉండకూడదు. శుక్రవారం పొద్దున సబ్‌స్టేషన్‌కి పెద్ద ట్రైలర్ వస్తదంట. నూట పది టన్నులంట. అది పోయాక ఆ స్తంభం ఉంటదా?"

ట్రైలర్ మాట నిజమే. ట్రాన్స్‌ఫార్మర్‌తో శుక్రవారం ఉదయం ఎనిమిదికి వంతెన దాటాలి. దానికి ఈఈ గారు యోగ్యతా పత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టడానికి ఆయన కలం మూత తీసి సిద్ధంగా ఉన్నారు.

ఆమె గొడవ భరించలేక ఈఈ గారు ఒక కమిటీ వేశారు. రెండు లెన్సుల్నీ పరీక్షించి, ధరకీ నాణ్యతకీ గల సంబంధాన్ని ధ్రువీకరించడం కమిటీ పని. అధ్యక్షులు ఈఈ గారు. సభ్యులు నేనూ, స్టోర్‌కీపరూ. మొదట తూకం వేశాం. పెళ్లిళ్ల లెన్సు కిలో రెండొందల గ్రాములు. ఏసుపాదం ప్లాస్టిక్ లెన్సు నూట అరవై గ్రాములు. మొదటి పరీక్షలో ఖరీదైన లెన్సు ఘనవిజయం సాధించినట్టు మినిట్స్ రాశాను.

రెండోది నిర్మాణ దార్ఢ్యం. "బల్ల మీంచి కింద పడేద్దాం" అన్నారు ఈఈ గారు.

ఏసుపాదం చేతులు జోడించాడు. "వద్దు సార్. మంచి లెన్సు సార్. లోపల అద్దాలు చాలా ఉంటాయి. దాని బరువే దాని శత్రువు."

"లోహమయ్యా! ఏమవుతుంది?"

పెళ్లిళ్ల లెన్సు నేల మీద ఠప్పుమని పడింది. తీసి ఊపితే లోపల గులకరాళ్ల చప్పుడు. ప్లాస్టిక్‌ది రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ పోయి బీరువా కిందకి దూరింది. ఏసుపాదం పొట్ట మీద పడుకుని చీపురుపుల్లతో దాన్ని బయటికి లాగాడు. కెమెరాకి తగిలించి గోడ మీది క్యాలెండరు తీశాడు. తిథి, నక్షత్రం, వర్జ్యం, అన్నీ చదవొచ్చు.

కమిటీ నివేదిక నేనే రాశాను. ఇప్పటికీ నాకు ఆ వాక్యమంటే గర్వం: "పగులుటకు తగినంత నాణ్యత రెండవ కటకములో లేనందున అది పగులలేదు."

మరి పగిలిన లెన్సు సంగతేమిటని స్టోర్‌కీపరు అడిగాడు. రూలు చూశాను. సర్క్యులర్‌లో ఉన్నది కొనుగోలు ధర. లెన్సు పగిలింది గాని ధర పగల్లేదు. కాబట్టి దాన్నే వాడాలని తేల్చాం.

చిక్కు బుధవారం వచ్చింది. ట్రైలర్ యోగ్యతా పత్రం కోసం ఈఈ గారు మళ్లీ మూడో స్తంభం ముందు నిలబడ్డారు. ఏసుపాదం ఫొటో తీసి, కెమెరా వెనక తెర చూపించాడు. ఈఈ గారు కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"నేనెక్కడ?"

"ఆ ఇడ్లీపాత్ర ఆవిరిలా తెల్లగా ఉన్నది మీరే సార్."

"మీసమేదీ?"

"అదీ ఆవిరైపోయింది సార్."

మూడొందల పన్నెండు పగుళ్లు మాయమైనప్పుడు చలించని మనిషి, మీసం మాయమయ్యేసరికి కూలబడ్డారు. అధికారి ముఖం లేని తనిఖీ చెల్లదు. తనిఖీ చెల్లకపోతే సంతకం చెల్లదు. అదే సమయానికి నేను సర్క్యులర్ అనుబంధం చదివి ఇంకో కబురు చెప్పాల్సి వచ్చింది: వంద టన్నులు దాటిన బరువుకి సాక్ష్యం చాలదు, సత్యం కావాలి. అంటే మూడు లక్షలు దాటిన లెన్సు. ఆఫీసుకి తిరిగొచ్చి చలమయ్యకి ఫోన్ చేశాం. అలాంటిది తెప్పించాలంటే పది రోజులన్నాడు. శుక్రవారానికి మధ్యలో ఉన్నది గురువారం ఒక్కటే.

ఆ సమయానికి సలోమి మొగుడికి అన్నం క్యారియరు తెచ్చింది. వరండాలో నిలబడి మా మాటలన్నీ విన్నది.

"మూడు లక్షల లెన్సు కావాలి, అంతేనా సార్?" అంది లోపలికొచ్చి. "మా ఆయన లెన్సునే నాలుగు లక్షలకి కొనండి."

ఈఈ గారు నవ్వారు. "ఆరున్నర వేల లెన్సునా?"

"మీ కాయితంలో ఏవుంది సార్? ఎంతకి కొన్నారన్నదే గదా ఉంది. ఎంత చేస్తదన్నది ఉందా? మా బజార్లో వంజరం సోమవారం ఒక రేటు, ఆదివారం ఇంకో రేటు. చేప అదే. ఆదివారం కొన్నోళ్లు బ్రహ్మాండంగా ఉందని లొట్టలేసుకుంటా తింటారు."

ఏసుపాదం సిగ్గుపడిపోయాడు. "ఊరుకోవే, పెద్దోళ్ల ముందు."

"నువ్వు ఊరుకున్నందుకే ఇట్టా ఉంది యవ్వారం."

నేను సర్క్యులర్ తీసి ఇంకోసారి చదివాను. ఆ అమ్మాయి ఆటో నడుపుతుంది గాని, ఆడిటులో ఉండాల్సిన బుర్ర. "సార్, రూలు ప్రకారం అభ్యంతరం లేదు" అన్నాను.

ఏసుపాదం తన లెన్సుని ఏడు వేలకి చలమయ్యకి అమ్మాడు. చలమయ్య మూడు రకాల లెటర్‌హెడ్ల మీద మూడు కొటేషన్లు పంపాడు. మూడింట్లోనూ అక్షరదోషాలు ఒకటే. అందరికన్నా తక్కువ కోట్ చేసిన చలమయ్య దగ్గర, నాలుగు లక్షల పది వేలకి, అత్యవసర పద్ధతిలో కొన్నాం. గురువారం సాయంత్రం నాలుగింటికి లెన్సు కొత్త పెట్టెలో, పట్టు గుడ్డలో చుట్టుకుని వచ్చింది. అంచు మీద స్టూడియో రోజుల్లో ఏసుపాదం గీసుకున్న 'ఏ.పా.' అనే అక్షరాలు అలాగే ఉన్నాయి. ఈఈ గారు వాటిని చూసి విదేశీ కంపెనీ ముద్ర అనుకున్నారు.

అయిదింటికి మూడో స్తంభం దగ్గరున్నాం. ఈఈ గారు నిలబడ్డారు. ఏసుపాదం లెన్సు బిగించి, ఈసారి ఎవర్నీ అడక్కుండా లోపలి రంధ్రం మూసి, మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి తీశాడు.

ఈఈ గారు తెర చూశారు. ముందు తన మీసం చూసుకుని తృప్తిపడ్డారు. తర్వాత ఆయన చూపు మీసం దాటి వెనక్కి వెళ్లింది. స్తంభం మీద, నీటి మట్టం నుంచి పైన దూలం దాకా, నల్లటి గీత. మధ్యలో తుప్పుపట్టిన ఇనుపకమ్మీ పక్కటెముకలా బయటికొచ్చి ఉంది. పగుల్లోంచి ఒక తొండ తల బయటపెట్టి ఈఈ గారి భుజం మీదుగా చూస్తోంది. దాని కన్ను కూడా స్పష్టంగా ఉంది.

ఆయన అలా వెనక్కి తిరిగారు. రెండేళ్లుగా ఆ స్తంభానికి వీపు పెట్టి నిలబడుతున్న మనిషి, మొదటిసారి దాని వైపు ముఖం పెట్టారు.

"అమ్మ బాబోయ్!" అన్నారు. గబగబా నాలుగడుగులు ఇవతలికొచ్చారు. "ఏం స్పష్టత! ఏం వివరం! చూశావా ఏసుపాదం? నాలుగు లక్షలు పెడితే ఇలా ఉంటుంది. నీ ఆరున్నర వేలదానితో వచ్చేదా ఇది?"

"ఎక్కడొస్తుంది సార్" అన్నాడు ఏసుపాదం.

సత్యం మీద చర్య తీసుకుని తీరాలి. శుక్రవారం ఏడున్నరకే వంతెనకి రెండు వైపులా ముళ్లకంచె వేయించాం. ఎనిమిదింటికి వచ్చిన ట్రైలర్ అక్కడే ఆగింది. దాని వెనక కోటయ్య ఆటో ఆగింది. సలోమి చుట్టుదారి వదిలిపెట్టి అక్కడే కాచుకుని ఉంది. ఏడుగురు పిల్లల్నీ సంచులతో సహా లెక్కపెట్టుకుని తన ఆటోలోకి ఎక్కించుకుంది. "కోటయ్య బాబాయ్, నువ్వూ నా వెనకే రా. కొత్తరేవు దారి నీకు తెలియదుగా" అంది. కోటయ్య ఆటో తిప్పుకుని ఆమె వెనకే బయల్దేరాడు.

కథ ఇక్కడ ఆగితే మా శాఖకి బాగుండేది. కాని నాలుగు లక్షల లెన్సు కొని ఊరికే ఉండలేరు కదా. ఈఈ గారికి అన్నీ దాంతోనే తీయించాలని ముచ్చట పుట్టింది. రెండు వారాల్లో పదిహేడు వంతెనలు సత్యమయ్యాయి, పదిహేడూ మూతపడ్డాయి. వాటిలో ఒకటి క్రితం నెలే మంత్రిగారు ప్రారంభించింది. పెయింటు కింద కొబ్బరిపీచు దూర్చి ఉందని సత్యం చెప్పింది.

చీఫ్ ఇంజినీరు గారు స్వయంగా దిగారు. "సర్క్యులర్ ఉపసంహరించడం శాఖ ప్రతిష్ఠకు భంగకరం. అయితే ప్రస్తుత పరిస్థితి ప్రజాప్రయోజన దృష్ట్యా వాంఛనీయం కాదు. ఆ కటకపు ధరను సవరించగలమా?" అన్నారు.

"కొన్న ధర మార్చలేం సార్. కాని తరుగుదల అనేది ఒకటుంది" అన్నాను.

ఆ ఆలోచన నాదే, దాచుకోను. లెన్సుని ఎలక్ట్రానిక్ వస్తువుల కింద చూపిస్తే ఏడాదికి నలభై శాతం విలువ తగ్గుతుంది. మొదటి ఏడాది చివర రెండు లక్షల నలభై ఆరు వేలు. సత్యం సాక్ష్యానికి దిగుతుంది. మూడో ఏడాది చివర ఎనభై ఎనిమిది వేల అయిదొందల అరవై. ఆ రోజుకి మూడో స్తంభం పగులు వట్టి సమాచారం. మరమ్మతు అక్కర్లేకుండా దానంతటదే పూడుతుంది. ఈలోగా కొత్త సత్యాలేవీ బయటపడకుండా లెన్సుని బీరువాలో పెట్టి సీలు వేయాలి. చీఫ్ గారు లేచి నా భుజం తట్టారు. వంతెన మూడేళ్ల తర్వాత ఏ తేదీన తిరిగి తెరుచుకుంటుందో అప్పటికప్పుడే ఉత్తర్వు వచ్చింది.

శ్రావణంలో ఏరు పొంగింది. ఒక ఉదయం పది గంటలకి మూడో స్తంభం మోకాళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. దాంతోపాటు వంతెన మధ్యభాగం మొత్తం ఏట్లోకి దిగిపోయింది. దాని మీద ఎవరూ లేరు. పిల్లలు పదకొండు మందీ అప్పటికే కాన్వెంటులో ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఖాళీ ఆటోతో తిరిగొస్తూ గట్టు మీద ఆగిన సలోమి ఫోన్‌లో వీడియో తీసి, సరాసరి నా బల్ల దగ్గరికి తెచ్చింది. దుమ్ము, నీళ్లు, పెద్ద చప్పుడు. చివర్లో ఆమె గొంతు, "దేవా, దేవా" అంటూ.

రెండుసార్లు చూశాను. వంతెన పడిన మాట వాస్తవం. కాని ఫోన్ ఖరీదు పన్నెండు వేలు.

"ఇది సమాచారం కిందికి వస్తుందమ్మా" అన్నాను. "లెన్సు సీలు తియ్యాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. రికార్డు ప్రకారం వంతెన ఉంది. మూసి ఉంది, అంతే."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే మూడేళ్లకి నిజంగానే తెరుస్తారా సార్?"

"ఉత్తర్వు అలాగే ఉంది. తేదీ కూడా వేశారు. పగులు కనిపెట్టింది మీ కుటుంబమే కాబట్టి, ప్రారంభం రోజున మొదటి వాహనంగా నీ స్కూలు ఆటోనే పంపిద్దామని నా ఉద్దేశం. పిల్లలకి మిఠాయిలు కూడా పంచుదాం. ఫైల్లో రాయమంటావా?"

సలోమి కుర్చీలోంచి లేచింది.

"వద్దు సార్. మర్యాద కాదు. ముందు మీ ఆఫీసు జీపు పోవాలి. ఈఈ గారు ముందు సీట్లో, మీరు వెనక సీట్లో. అవతల గట్టు ఎక్కాక హారన్ కొట్టండి. అది వినపడితే పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరతా."

న్యాయమైన కోరికే. ఆ తేదీకి జీపు కేటాయించమని అప్పుడే కాగితం పెట్టాను. డ్రైవరు మాత్రం ఎందుకో బదిలీ అడుగుతున్నాడు.